స్పీకరే లేదన్న లాప్‌టాప్

తెనాలి బోసు రోడ్డులో ఒక మేడమెట్ల కింద ఉన్న కంప్యూటర్ రిపేరు కొట్టు అది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీదే ఆగాలి. గోడకి పాత కీబోర్డులు, బల్ల మీద విప్పదీసిన లాప్‌టాప్‌లు, ఐస్‌క్రీమ్ డబ్బాల్లో సైజులవారీగా మరలు. పాతికేళ్ళకు పైగా ఈ పనే చేస్తున్న యజమాని ఒకరు. దీపావళికి హైదరాబాద్ నుంచి ఊరొచ్చిన ఆయన అన్నకూతురు ఇంకొకరు. ఆ మధ్యాహ్నం ఒకే లాప్‌టాప్ ముందు కూర్చుని ఇద్దరూ చెరో దారి పట్టారు.

జబ్బు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. హెడ్‌ఫోన్ పెడితే పలుకుతుంది, తీస్తే మూగ.

ఇంకొకరికైతే ఇది చిన్న ఇబ్బంది. ఈ లాప్‌టాప్ మాత్రం చూపు లేని ఒక డిగ్రీ కుర్రాడిది. తెర మీద ఏముందో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే అతనికి కంప్యూటర్ ఉన్నట్టు. చదివే గొంతు ఈస్పీక్ ఎన్‌జీది. దానికి తెలుగు కూడా వచ్చు. కాస్త గరగరగా, మరమనిషిలా చదువుతుంది కానీ అలవాటైన చెవికి అర్థమవుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. ఇంటెల్ చిప్పుల్లో ఎనిమిదో తరానికి ముందువాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. ఇతని లాప్‌టాప్ నాలుగో తరానిది, పదకొండేళ్ళ నాటిది. అందుకని కుర్రాడు డెబియన్ లినక్స్ ఎక్కించుకున్నాడు, అదీ ఎవరి సాయమూ లేకుండా. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో అందుకు ఏర్పాటుంది. మొదటి మెనూ దగ్గర ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే ఆపైన ప్రతి మెట్టూ మాటల్లోనే నడుస్తుంది. సౌండ్ కార్డులు ఒకటికి మించి ఉంటే ఒక్కో కార్డు నుంచీ పలికి చూసి, వినబడిన చోట ఎంటర్ నొక్కమంటుంది. కుర్రాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ మెట్లన్నీ ఒక్కడే ఎక్కాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. అయితే హెడ్‌ఫోన్ జాక్ అరిగిపోయింది. వైరు కాస్త కదిలితే గొంతు ఆగిపోతుంది. అతనికి అది తెర ఆరిపోవడమే. పైగా రెండు చెవులూ మూసుకుని కూర్చుంటే హాస్టల్ గదిలోకి ఎవరొచ్చారో, ఎవరు పిలిచారో తెలియదు.

"దీని కోసం ఇంత ఆలోచన దేనికమ్మాయ్?" అన్నాడు బాబాయి. సొరుగులోంచి బొటనవేలంత డాంగిల్, అంటే బయట గుచ్చే యూఎస్‌బీ సౌండ్ కార్డు, తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది గుచ్చితే అయిపోయె. డ్రైవర్ అక్కర్లేదు, తలనొప్పి అక్కర్లేదు. మూడొందల లోపు ఖర్చు. చిన్న స్పీకరు ఒకటి తగిలిస్తే అబ్బాయి సాయంత్రానికల్లా చదువుకుంటాడు."

"డ్రైవర్ అక్కర్లేకపోవడం కాదు బాబాయ్, అందరికీ కలిపి ఒకటే డ్రైవర్ ఉంది" అంది అమ్మాయి. యూఎస్‌బీలో ధ్వని ఎలా నడవాలో చెప్పే ఉమ్మడి ప్రమాణం 1998లోనే వచ్చింది. దాన్ని పాటించే ఏ పరికరాన్నైనా లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్లో ఉన్న ఒకే ఒక్క మాడ్యూల్ నడిపించేస్తుంది. ఆయన చెప్పిన దారి పనిచేసే దారే, ఆమె దాన్ని కాదనలేదు. ఆమె అభ్యంతరం వేరు. "అది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సంచిలో పెట్టేటప్పుడు విరుగుతుంది. రాత్రి పది గంటలకు ఊడి మంచం కిందికి దొర్లితే వాడెలా వెతుక్కుంటాడు? లోపల రెండు స్పీకర్లు నిక్షేపంలా ఉన్నాయి. వాటిని పలికించకుండా పక్కన ఇంకోటి వేలాడదీయడం ఏంటి?"

"నిక్షేపంలా ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

ఈ ప్రశ్న ఆయనే వేశాడు, జవాబూ ఆయనే చూపించాడు. అడుగు మూత విప్పి, స్పీకరు తీగల చిన్న కనెక్టరును బోర్డు నుంచి ఊడదీసి, గోడగడియారంలోంచి తీసిన పెన్సిల్ సెల్లు కొసలను రెండు తీగలకూ ఒక్క క్షణం తాకించాడు. టక్. రెండో స్పీకరుకీ తాకించాడు. టక్. మల్టీమీటరు పెడితే రెండూ దాదాపు నాలుగు ఓములు చూపించాయి. "స్పీకర్లు బాగున్నాయి" అని తేల్చాడు. ఆమె గంటసేపు కమాండ్లు కొట్టినా ఈ ఒక్క సంగతిని ఇంత నమ్మకంగా చెప్పలేకపోయేది. ఇలాంటి పరీక్ష తెలిసినవాళ్ళు పక్కన ఉంటే లినక్స్ మనిషికి సగం దారి కలిసొస్తుంది.

కనెక్టరును తిరిగి తగిలించి, మూత పక్కన పెట్టి ఆయన తన అసలు వాదనకు వచ్చాడు. "నేను లినక్స్‌కి వ్యతిరేకిని కాదబ్బా. నీకంటే ముందే చూశాను దాన్ని."

అది నిజమే. పత్రికలతో పాటు సీడీలు వచ్చే రోజుల్లో ఆయన తన మొదటి లినక్స్ ఎక్కించుకున్నాడు. సౌండ్ బ్లాస్టర్ 16 కార్డు, జానెడు పొడవుది. సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ దాన్ని 1992లో విడుదల చేసింది. ఆ కాలంలో కార్డు గుచ్చగానే పలికేది కాదు. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని మూడు అంకెలు కుదరాలి. ఇంకో కార్డు వచ్చి అదే 5 మీద కూర్చుంటే రెంటిలో ఒకటి పడకేసేది. రెడ్ హ్యాట్ లినక్స్‌లో సౌండ్‌కాన్ఫిగ్ అని నీలం తెరమీద నడిచే ఉపకరణం ఉండేది. అంకెలన్నీ కుదిరాయో లేదో తెలియడానికి అది చివర్లో ఒక చిన్న రికార్డింగ్ వినిపించేది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత గొంతుతో, లినక్స్ అనే పేరును తాను ఎలా పలుకుతాడో చెప్పే ఒక్క వాక్యం. "తెల్లవారుజామున రెండున్నరకు విన్నాను దాన్ని. మా నాన్న లేచొచ్చి ఎవర్రా లోపల అన్నాడు" అని చెప్పేటప్పుడు బాబాయి మొహంలో పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాయి.

అమ్మాయి ఆ జ్ఞాపకాన్నే పట్టుకుంది. "మరి ఆ రాత్రి నువ్వు కూడా డాంగిల్ పెట్టుకుని పడుకోవచ్చుగా?"

"అది నా మిషను. ఇది అవతలివాడిది. నా మిషనైతే నెల రోజులు కూర్చుంటా. అవతలివాడిదైతే ఆ నెల వాడి చదువులోంచి పోద్ది."

ఈ వాదన బలమైనదే. లినక్స్ మీద ప్రేమున్నవాళ్ళు తరచుగా దాటేసే మాట ఇది. డ్రైవర్ వెతకడంలో ఉన్న ఆనందం వెతికేవాడికి దక్కుతుంది, ఆలస్యం వాడుకునేవాడి నెత్తిన పడుతుంది. విండోస్‌లో కూడా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది, దాని మూలం కూడా బహిరంగమే. విండోస్ 10కే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకునే దారి మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. బాబాయి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు.

"ఏడాది తర్వాత?" అంది ఆమె.

"ఏడాది తర్వాత సంగతి ఏడాది తర్వాత."

"వాడికి డిగ్రీ ఇంకా రెండేళ్ళుంది. అయినా వాడు నన్నడిగింది విండోస్ కాదు. స్పీకరు పలికించమన్నాడు."

"సరే, రేపు ఏదో అప్‌డేట్ వచ్చి నువ్వు చేసిందంతా తుడిచిపెట్టుకుపోతే? మీ లినక్స్‌వాళ్ళు అయిదేళ్ళకోసారి ఇల్లు పడగొట్టి కడతారుగా."

ఈ ఫిర్యాదుకు చరిత్ర ఉంది. 1990ల మొదట్లో ఫిన్లండ్‌కి చెందిన హన్ను సవొలైనెన్ రాసిన సౌండ్ బ్లాస్టర్ డ్రైవర్ నుంచి ఓఎస్ఎస్ అనే వ్యవస్థ పెరిగింది. చెక్ ప్రోగ్రామర్ యారోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం చేసిన పని నుంచి 1998లో ఆల్సా మొదలై, తర్వాత ఓఎస్ఎస్ స్థానంలోకి వచ్చింది. అది 2002లో కెర్నెల్లోకి చేరింది, 2003 డిసెంబరులో వచ్చిన 2.6తో అందరి యంత్రాల్లోకీ వచ్చింది. దాని పైన 2004లో లెనార్ట్ పెటరింగ్ పల్స్ఆడియో మొదలుపెట్టాడు. 2007లో ఫెడోరా 8 అనే లినక్స్ కూర్పు దాన్ని అందరికీ పెట్టింది. కొత్తలో అది చాలామందికి నిద్ర లేకుండా చేసిన మాట వాస్తవం. తర్వాత విమ్ టైమన్స్ తయారుచేసిన పైప్‌వైర్ వచ్చి 2021లో ఫెడోరా 34తో పల్స్ఆడియో కుర్చీలో కూర్చుంది.

"నువ్వు చెప్పే ఇల్లు పైఅంతస్తు బాబాయ్" అంది అమ్మాయి. "పల్స్ పోయి పైప్‌వైర్ వచ్చింది, నిజమే. కింద పునాది ఇరవయ్యేళ్ళకు పైగా ఆల్సానే. హార్డ్‌వేర్‌తో మాట్లాడేది అదొక్కటే. మన జబ్బు పైఅంతస్తులో ఉంటే నీ మాట ఒప్పుకుంటా. పునాదిలో ఉంటే ఒకసారి సరిచేస్తే చాలు. ఎక్కడుందో చూడనీ, పది నిమిషాలు."

"పదే."

ఆమె మొదట ఏప్లే కమాండుతో కార్డుల జాబితా అడిగింది. రెండొచ్చాయి. ఒకటి హెచ్‌డీఎమ్ఐ, అంటే టీవీకి వెళ్ళే దారి. రెండోది మామూలు అనలాగ్ కార్డు. ఈ తరం ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఇవి రెండూ వేర్వేరు కంట్రోలర్లు. సౌండ్ అంతా హెచ్‌డీఎమ్ఐ వైపు వెళ్ళిపోయి, లేని టీవీలో పలుకుతూ ఉండటం వీటిలో మామూలు గొడవ. ఇక్కడ అది కాదు, హెడ్‌ఫోన్ పలుకుతోందిగా. తర్వాత ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి అనలాగ్ కార్డు ఎంచుకుంది. నిలువు గడులు వరుసగా వచ్చాయి: మాస్టర్, హెడ్‌ఫోన్, మైక్.

బాబాయి మెడ చాచి చూశాడు. "మ్యూట్‌లో ఉందేమో చూడు. కింద ఎమ్ ఎమ్ అని ఉంటదిగా."

అనుభవంతో వచ్చిన మాట. ఆల్సా తొలినాళ్ళలో డ్రైవర్ ఎక్కగానే అన్ని గడులూ మూసే ఉండేవి. అర్ధరాత్రి హఠాత్తుగా కేక పెట్టి స్పీకర్లు చింపెయ్యకుండా తీసుకున్న జాగ్రత్త అది. ఆ రెండు ఎమ్‌ల సంగతి తెలియక డ్రైవరే లేదనుకున్నవాళ్ళు ఎందరో.

"మ్యూట్ కాదు బాబాయ్. మ్యూట్ అయితే స్పీకరు గడి ఉండి, మూసుకుని ఉంటుంది. ఇక్కడ గడే లేదు చూడు."

కుళాయి తిప్పితే నీళ్ళు రాకపోవడం వేరు, గోడకి కుళాయే లేకపోవడం వేరు. లాప్‌టాప్‌కి తనకు స్పీకరు ఉన్నట్టే తెలియదు.

ఎందుకు తెలియదో అర్థం కావాలంటే ఇంటెల్ 2004లో తెచ్చిన హైడెఫినిషన్ ఆడియో పద్ధతిలోకి కాస్త దిగాలి. లాప్‌టాప్‌లోని సౌండ్ కోడెక్ చిప్పుకు చాలా కాళ్ళుంటాయి. ఒకటి హెడ్‌ఫోన్‌కి, ఒకటి మైకుకి, ఒకటి స్పీకరుకి, కొన్ని దేనికీ కాదు. ఒకే చిప్పును పాతిక మోడళ్ళలో వాడతారు కాబట్టి ఏ కాలు దేనికి కలిపారో చిప్పుకు తెలిసే వీలు లేదు. ఆ సంగతి లాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు బోర్డులోనే ఉండే బయాస్ అనే ప్రోగ్రాములో రాయాలి. ఒక్కో కాలికీ ఒక్కో సంఖ్య. యంత్రం లేవగానే బయాస్ ఆ సంఖ్యల్ని చిప్పులో పెడుతుంది, డ్రైవర్ వాటిని చదువుకుని గడులు తయారుచేస్తుంది.

లినక్స్‌లో ఈ సంఖ్యలు దాచిపెట్టిన రహస్యాలు కావు. ప్రోక్ అసౌండ్ డైరెక్టరీలో కోడెక్ పేరుతో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటాయి. ఆమె తెరిచింది. 14 నంబరు నోడ్ దగ్గర, అంటే ఆ నంబరు కాలి దగ్గర, వేలు పెట్టింది. అక్కడున్న సంఖ్య 411111ఎఫ్0. పక్కనే డ్రైవర్ చేసిన అనువాదం: కనెక్షన్ వర్తించదు, స్పీకరు, బయట, వెనకవైపు.

"వెనకవైపు స్పీకరేంది? లాప్‌టాప్‌కి వెనకేముంది?" బాబాయి అద్దాలు పైకి తోసుకున్నాడు.

"అది పూరింపు అంకె బాబాయ్. ఇక్కడ ఏమీ కలపలేదు అని చెప్పడానికి పెట్టేది. ముందున్న 4 చూడు, తీగ లేదని అర్థం. మిగతా అంకెలకు విలువ లేదు. నిజంగా లోపల బిగించిన స్పీకరైతే అక్కడ 90170110 లాంటిది ఉండాలి. ఆ 9 అంటే పెట్టె లోపల శాశ్వతంగా ఉన్న భాగం. మూడో అంకె 1 అంటే స్పీకరు."

"అంటే కంపెనీవాళ్ళు స్పీకరు బిగించి, లేదని రాశారా?"

"అవును."

"మరి విండోస్‌లో పదేళ్ళు పలికిందిగా!"

ఈ ప్రశ్న దగ్గరే వాదన అసలు ముడి ఉంది. విండోస్‌కి ఆ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ పొట్లంలో సరైన సంఖ్యల పట్టిక విడిగా ఉంటుంది. బయాస్ తప్పు చెప్పినా డ్రైవర్ దిద్దుకుంటుంది. కాబట్టి ఫ్యాక్టరీలో పరీక్షించినవాళ్ళకు తప్పు బయటపడదు. ఈ లాప్‌టాప్‌లోని నిజం బయాస్‌లో లేదు, ఆ ఒక్క డ్రైవర్‌లో ఉంది. డ్రైవర్ మారగానే నిజం పోయింది. కొన్నవాడికి తన వస్తువు గురించిన ఒక్క అంకె అందుబాటులో లేకపోవడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క అంకె లేక, మంచి స్పీకర్లున్న లాప్‌టాప్ వారం రోజులుగా మూగగా ఉంది.

ఇలాంటి తప్పుల కోసమే లినక్స్ కెర్నెల్లో దిద్దుబాట్ల పట్టిక ఒకటుంది. ఫలానా గుర్తింపు సంఖ్య ఉన్న లాప్‌టాప్ కనిపిస్తే ఫలానా కాలిని స్పీకరుగా లెక్కించు, ఫలానా మైకును ఇలా కలుపు అని ఒక్కో మోడల్‌కీ ఒక్కో వరుస. రియల్‌టెక్ సౌండ్ చిప్పుల కోసం రాసిన కోడే పదివేల వరుసలు దాటింది. అందులో చాలా వరుసలు ఎక్కడో ఒక మనిషి తన మూగ లాప్‌టాప్ ముందు కూర్చుని కనిపెట్టి పంపినవి. జర్మనీలోని సూసే కంపెనీలో పనిచేసే తకాషి ఇవాయి ఏళ్ళ తరబడి వాటిని సరిచూసి చేర్చుకుంటూ వస్తున్నాడు.

"ఇదంతా ఆ కంపెనీ చెయ్యాల్సిన పని. వాళ్ళు చెయ్యలేదు, నువ్వు ఊరికే చేసిపెడతానంటున్నావ్" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో విసురు లేదు, కష్టం విలువ తెలిసినవాడి బాధ ఉంది. "పైగా పదకొండేళ్ళ మిషను. నువ్వు రాసి పంపి, వాళ్ళు చేర్చి, అది తిరిగి తెనాలికి వచ్చేసరికి దీని ఆయుష్షు తీరిపోద్ది."

"నీ కొట్టుకి సెకండ్‌హ్యాండ్ మిషన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"సికింద్రాబాద్ సీటీసీ నుంచి. తెలిసిందేగా."

"విడివిడిగా వస్తాయా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినోయ్ ట్రేడ్ సెంటరుకు ఆఫీసుల్లో గడువు తీరిన లాప్‌టాప్‌లు లాట్లుగా వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేసారి డజన్లకొద్దీ. అక్కణ్ణుంచి తెనాలి లాంటి ఊళ్ళకి పంపకం. ఈ మోడల్ కూడా అలాగే వచ్చింది. కొత్త విండోస్ ఒప్పుకోని ఆ లాట్లలో ఎన్ని లినక్స్ వైపు తిరిగితే అన్నిటికీ ఇదే మూగతనం. ఒక్క వరుస కెర్నెల్లోకి ఎక్కితే వాటిలో ఏదీ ఇంక ఈ బల్ల మీదికి ఈ జబ్బుతో రాదు. అలాంటి దిద్దుబాట్లను కొత్త కెర్నెల్‌కే కాకుండా నడుస్తున్న పాత స్థిర కెర్నెళ్ళకు కూడా చేరుస్తుంటారు.

"సరే, ముందు ఇది పలికించు. లోకం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు చివరికి.

ఆమె హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే ఉపకరణం తెరిచింది. కాళ్ళ జాబితా వచ్చింది. 14 నంబరు కాలి ఎదురుగా ఓవర్‌రైడ్ గడిలో టిక్కు పెట్టి, ఇంటర్నల్ స్పీకర్ అని ఎంచుకుని, అది ప్రతి బూట్‌లోనూ ఉండేలా ఇన్‌స్టాల్ నొక్కింది. ఆ మీట కెర్నెల్‌కి ఒక చిన్న చీటీ రాసిపెడుతుంది. యంత్రం లేచినప్పుడల్లా బయాస్ మాట పక్కన పెట్టి ఈ చీటీ చూడమని. లాప్‌టాప్ రీస్టార్ట్ అయింది. ఆల్సామిక్సర్‌లో ఇప్పుడు స్పీకరు గడి ఉంది. ఆమె దాన్ని పైకి జరిపి స్పీకర్-టెస్ట్ కొట్టింది.

నిశ్శబ్దం.

బాబాయి గడియారం చూడలేదు. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఆయన దృష్టి లాప్‌టాప్ పక్కనున్న హెడ్‌ఫోన్ రంధ్రం మీద ఉంది. "ఆ జాక్ అరిగిందిగా. లోపల స్ప్రింగు నొక్కుకుపోయుంటది. పాత టేప్‌రికార్డర్లలో ఇదే గోల. పిన్ను పెట్టకపోయినా పెట్టినట్టే ఉండి స్పీకరు కట్ అయిపోద్ది."

టేప్‌రికార్డరులో ఆ స్ప్రింగు తీగనే తెంపేది. లాప్‌టాప్‌లో అది ఒక కబురు పంపుతుంది, ఆపైన స్పీకరు ఆపేది సాఫ్ట్‌వేర్. జబ్బు మాత్రం ఒకటే. అమ్మాయి మళ్ళీ ఆల్సామిక్సర్‌లోకి వెళ్ళింది. స్పీకరు గడితో పాటు ఇంకో గడి కొత్తగా వచ్చింది, ఆటో-మ్యూట్ మోడ్. ఇందాక అది లేదు, ఎందుకంటే స్పీకరే లేనప్పుడు దాన్ని ఆపే మీట ఎందుకుంటుంది? ఆమె ఆ మోడ్‌ను ఆపేసింది. మళ్ళీ టెస్ట్ కొట్టింది. ఎడమవైపు స్పీకరు సముద్రపు హోరులా బుస్సుమంది, తర్వాత కుడివైపు.

"వచ్చింది!" అన్నారిద్దరూ.

అయితే డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయి ఓర్కాను లేపితే మళ్ళీ మౌనమే. పైప్‌వైర్ కూడా సొంతంగా జాక్ వైపు చూస్తుంది. హెడ్‌ఫోన్ గుచ్చి ఉందని కబురుంటే ధ్వనిని అటే పంపి స్పీకరును మూసేస్తుంది. ఆమె దానికి కూడా ఒక నియమం రాయొచ్చని మొదలుపెట్టబోయింది. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జాక్ చెడితే జాక్ బాగుచెయ్యాలమ్మా. అది అబద్ధం చెబుతుంటే వినేవాళ్ళందరికీ చెవులు మూస్తావా?"

ఈసారి ఆమె దగ్గర జవాబు లేదు. ఇందాక బయాస్ విషయంలో ఆమె అన్నది కూడా ఇదే కదా, తప్పు ఎక్కడుందో అక్కడే దిద్దాలని. ఆయన కాంటాక్ట్ క్లీనర్ డబ్బాకి సన్నని గొట్టం తగిలించి రంధ్రంలోకి రెండుసార్లు కొట్టాడు. హెడ్‌ఫోన్ పిన్నును పది పదిహేనుసార్లు దూర్చి తీశాడు. సన్నని సూదితో లోపలి రేకును రవ్వంత పైకి లేపాడు. చేతి వేళ్ళకు తప్ప కంటికి అందని పని అది. ఆమె ఆటో-మ్యూట్‌ను తిరిగి పెట్టేసింది. పిన్ను దూర్చినప్పుడల్లా గొంతు హెడ్‌ఫోన్‌లోకి వెళ్ళింది, తీసినప్పుడల్లా స్పీకర్లోకి వచ్చింది.

సాయంత్రం ఆరింటికి కుర్రాడు స్నేహితుడి బైకు మీద వచ్చాడు. పలకరింపులైనా పూర్తికాకముందే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పవర్ నొక్కాడు. పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే గొంతు వినబడింది. అతను టైపు చేశాడు. డెస్క్‌టాప్ వచ్చింది, గొంతు అలాగే ఉంది. అతని వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి.

"అక్కా, చెవుల్లో ఏం లేకుండా వింటున్నాను. రోడ్డు మీద బస్సు హారన్ కూడా వినబడుతోంది."

బాబాయి డాంగిల్‌ని చిన్న కవర్లో వేసి అతని చేతిలో పెట్టాడు. "ఇది సంచిలో ఉంచుకో అబ్బాయ్. ఎప్పుడన్నా మొరాయిస్తే ఇది గుచ్చు, పరీక్ష రోజున వెతుక్కోకు."

"డబ్బులు అన్నా?"

"తర్వాత చూద్దాంలే."

అమ్మాయి దానికి అడ్డు చెప్పలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పింది. అది గుచ్చితే గొంతు దానంతటదే అటు మారుతుందన్న హామీ లేదు, సౌండ్ సెట్టింగుల్లో మార్చుకోవాల్సి రావచ్చని. కుర్రాడి చేత అక్కడే రెండుసార్లు చేయించి చూసింది. తర్వాత అతని అనుమతి అడిగి, ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్టు నడిపి, కోడెక్ వివరాలూ గుర్తింపు సంఖ్యా ఉన్న ఫైలును తన ఫోనులోకి ఎక్కించుకుంది. పంపే ముందు అందులో కుర్రాడి సొంత వివరాలేమీ లేకుండా చూసుకోవాలి. కెర్నెల్ సౌండ్ విభాగానికి ఆ రాత్రే రాసి పంపుతానంది.

"చేర్చుకోకపోతే?" అన్నాడు బాబాయి.

"ఏం లోపమో చెబుతారు. దిద్ది మళ్ళీ పంపుతా."

ఆయనకు ఒక అలవాటుంది. బాగుచేసిన ప్రతి లాప్‌టాప్ అడుగునా తెల్ల టేపు ముక్క అంటించి, ఏం చేశాడో, ఏ తేదీనో రాస్తాడు. ఇప్పుడు టేపు చింపి పెన్ను తీశాడు. "ఆ నంబరు చెప్పమ్మా."

"నోడ్ 14. 90170110."

రాశాడు. కింద ఇంకో వరుసలో, జాక్ కడిగాను, రేకు లేపాను అని రాసి అంటించాడు. కుర్రాడు వేలితో తడిమి, "ఏం రాశారన్నా?" అని అడిగి చెప్పించుకున్నాడు. రెండుసార్లు పైకి అనుకుని, ఆ సంఖ్యను తన లాప్‌టాప్‌లోనే ఒక ఫైలులో కొట్టుకున్నాడు. ఒక్కో అంకె కొట్టినప్పుడల్లా కొట్లో అందరికీ వినబడేలా ఆ గరగర గొంతు చదివింది.

బైకు వెళ్ళిపోయాక బాబాయి టేపు చుట్టలోంచి ఇంకో ముక్క చింపి, అదే సంఖ్య మళ్ళీ రాసి బల్ల ముందు గోడకు అంటించాడు. తర్వాత సొరుగు కింద నుంచి పొడుగాటి అట్ట రిజిస్టరు లాగి వెనక నుంచి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏం వెతుకుతున్నావ్ బాబాయ్?"

"ఇదే మోడల్. మొన్న శ్రావణంలో వచ్చింది ఒకటి, ఇదే కంప్లైంటు. డాంగిల్ పెట్టి పంపించేశాను. ఆయన ఫోన్ నంబరు ఇందులోనే ఉండాలి."